రిబ్కమ్మ పంపిన దోర శాంపిలు

మా నూజివీడు రసాల సంగతి లోకానికి తెలుసు. మా రిబ్కమ్మక్క అరుపు కూడా లోకానికి తెలుసు గానీ, అది ఆమె అరుపని మాత్రం తెలియదు. ఆ ముక్క చెప్పకుండా కడుపులో దాచుకోవడం నా వల్ల కావడం లేదు కాబట్టి రాస్తున్నాను.

రిబ్కమ్మక్కకి యాభై దగ్గర పడ్డాయి. పొట్టి మనిషి, బొద్దు మనిషి. ఆమె మొగుడు సలోమోను గడకి కట్టిన చిక్కంతో మామిడికాయలు కోస్తాడు. ఆమెది కాపలా పని. పిందె పడింది మొదలు ఆఖరి లారీ కదిలేదాకా తోటలో కోతుల్ని తోలాలి. మిగతా తోటల్లో డబ్బాలు కొడతారు, టపాకాయలు పేలుస్తారు. రిబ్కమ్మక్క నోరు తెరుస్తుంది, అంతే. "హోయ్‌రే... హోయ్‌రే... హో...య్!" అని ఆమె ఒక్క కేక పెడితే మా వైపు కోతులన్నీ బాపులపాడు వైపు పోతాయి. బాపులపాడు రైతులకి మా మీద ఎప్పటినుంచో కోపం.

ఈ రిబ్కమ్మక్కే నాలుగేళ్లుగా మిచిరో అనే జపాను కుర్రాడికి తెలుగు గొంతు. వాడికి పన్నెండేళ్లు. "పిడుగు కొండ" అనే యానిమేలో హీరో. యానిమే అంటే జపానువాళ్ల బొమ్మల సీరియల్. కార్టూను అన్నామంటే మా క్లాసు పిల్లలు మీద పడి కరుస్తారు. అలా అని ఒకసారి అన్నాను, వారం రోజులు నాకు గుడ్ మార్నింగ్ చెప్పలేదు వెధవలు.

నా పేరు విజయరాణి. ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతాను. ఆ సీరియల్‌కి తెలుగు మాటలు రాసేది నేను. తెర మీద బొమ్మ పెదవులు ఎంతసేపు కదిలితే అంతసేపే మాట ఉండాలి. వాడు పెదవులు మూస్తే నా మాటలోనూ పెదవులు మూసే అక్షరమే పడాలి. ఛందస్సు చదువుకున్నదాన్ని, ఇదేం పెద్ద పని అనుకుని దిగాను. దిగాక ఛందస్సే నయమనిపించింది.

స్టూడియో ఎక్కడుందనుకున్నారు? నూజివీడు నుంచి హనుమాన్ జంక్షన్ వెళ్లే రోడ్డు మీద, మామిడికాయలు మాగబెట్టే షెడ్డులో. షెడ్డు శ్యామ్ సుందర్ వాళ్ల నాన్నది. కొడుక్కి మామిడి వ్యాపారం అబ్బలేదు, సౌండు అబ్బింది. పెళ్లిళ్లకి మైకుసెట్లు కట్టాడు, చర్చిలకి పాటలు రికార్డు చేశాడు. ఒకరోజు కాయలు ఖాళీ అయిన గదిలో నిలబడి చప్పట్లు కొట్టి చూసుకున్నాడట. గోడల వెంట నిండా వరిగడ్డి పేర్చి ఉంది కదా, చప్పట్లు చప్పగా వినిపించాయి. "ప్రతిధ్వని లేదు మేడమ్! మా నాన్న తెలియకుండానే నాకు స్టూడియో కట్టి పెట్టాడు," అని ఎగిరి గంతేశాడు. బొంబాయిలో బ్లూబోట్ అనే డబ్బింగు కంపెనీ వాళ్లని ఎలా పట్టాడో పట్టాడు. జపానువాళ్లు బ్లూబోట్‌కి ఇచ్చారు, బ్లూబోట్ శ్యాముకి ఇచ్చింది, శ్యాము నా దగ్గరికొచ్చి "మేడమ్, మీ తెలుగు జపాను దాకా పోతుంది," అన్నాడు. పొగిడితే పడిపోతాను నేను, అది ఊరందరికీ తెలుసు.

మొదటి రోజు మిచిరో గొంతు కోసం వచ్చిన కుర్రాళ్లందరూ ఒక్క చోటే బోల్తా కొట్టారు. కొండ మీద నిలబడి, పిడుగుని పిలిచి శత్రువు మీదికి విసిరేటప్పుడు వాడు ఒక కేక పెట్టాలి. నేను దానికి ఎంతో ముచ్చటపడి "ప్రళయ ప్రచండ పిడుగు ఘాతం" అని రాశాను. కుర్రాళ్లు "ప్రళయ" దగ్గరే దగ్గు తెచ్చుకున్నారు. పైగా బొమ్మ నోరు మూడుసార్లు తెరుచుకుని, మూడోసారి తెరిచినట్టే ఉండిపోతుంది. నా ప్రళయం ఇంకా నడుస్తుండగానే శత్రువు చచ్చి కింద పడిపోతున్నాడు.

అప్పుడే పక్క తోటలోకి కోతులొచ్చాయి. తలుపు వేయడం మర్చిపోయారు. రిబ్కమ్మక్క కేక గడ్డినీ గోడల్నీ దాటుకుని వచ్చి నేరుగా మైకులో పడింది. శ్యాము రికార్డింగు వెనక్కి తిప్పి చూశాడు. హోయ్‌రేకి నోరు తెరిచాడు మిచిరో, మళ్లీ హోయ్‌రేకి తెరిచాడు, హో...య్‌కి తెరిచినట్టే ఉండిపోయాడు. ఆ కేక వాడి నోట్లోంచే వచ్చినట్టుంది. నా ప్రళయం పోయిందన్న బాధ తర్వాత తీరిగ్గా పడ్డాను.

శ్యాము పరిగెత్తుకెళ్లి ఆమెని పిలుచుకొచ్చాడు. ఆమె కర్ర పట్టుకునే లోపలికొచ్చి, "ఏంటి బాబూ, కోతులు ఇందులోకి దూరాయా?" అని గడ్డిలో వెతకడం మొదలుపెట్టింది.

యాభై ఏళ్ల ఆవిడ పన్నెండేళ్ల కుర్రాడికి గొంతివ్వడమేంటని మీరు అడగొచ్చు. జపానులో కూడా ఇలాంటి పిల్లలకి ఆడవాళ్లే గొంతిస్తారట. రిబ్కమ్మక్కకి ఇంకో సుగుణం ఉంది. రోజూ పొద్దున్నే బైబిలు పైకి చదివే మనిషి. కాగితం చేతికిస్తే ఎక్కడా తడబడదు. నేను రాసిన సమాసాల దగ్గర మాత్రం ఆగి, "ఇది పిల్లాడు అనే మాటేనా టీచరు గారూ?" అంటుంది. అంటే ఆ సమాసం పోయినట్టే.

ఇక చూడండి, ఊరు ఊరంతా హోయ్‌రే. స్కూలు బెల్లు కొడితే హోయ్‌రే. క్రికెట్‌లో వికెట్ పడితే హోయ్‌రే. టెక్నాలజీ యూనివర్సిటీ పిల్లలు బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ హోయ్‌రే. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాదు దాకా ఫోన్లున్న పిల్లలందరూ అదే అరుపు. ఎప్పుడన్నా రిబ్కమ్మక్క తోటలో కోతుల్ని తోలుతుంటే, రోడ్డున పోయే కుర్రాళ్లు "ఆంటీ కూడా మిచిరో ఫ్యానేరా!" అని నవ్వుకుంటూ పోయేవాళ్లు. ఆమె కూడా నవ్వేది. నాకైతే బండి ఆపి వాళ్ల చెవులు మెలిపెట్టాలనిపించేది.

మొదటి భాగం చివర్లో మిచిరో ఇల్లు వదిలి పోతాడు. తల్లీతండ్రీ లేని వాణ్ణి పెంచిన అక్క సాయో, దొంగల భయానికి ఊరు ఖాళీ చేయించినప్పుడు వాడి నుంచి విడిపోతుంది. అక్కని వెతుక్కుంటూ వాడు కొండలూ గుట్టలూ పట్టుకు తిరుగుతాడు. ఆ భాగం రికార్డింగు అయ్యాక రిబ్కమ్మక్కకి రెండు రోజులు అన్నం సహించలేదు. ఆ ఆదివారం చర్చిలో, ప్రార్థన మనవులు ఎవరికన్నా ఉన్నాయా అని పాస్టర్ గారు అడగ్గానే లేచి నిలబడింది. "మిచిరో అని నేనెరిగిన పిల్లాడండి. అక్క నుంచి తప్పిపోయాడు. ఇల్లు చేరాలని ప్రార్థన చెయ్యండి," అంది.

ఒక్క అబద్ధం లేదు అందులో. పాస్టర్ గారు కళ్లు మూసుకుని, "పరదేశంలో తిరుగాడుచున్న మా చిన్న సహోదరుడు మిచిరోను" అని మొదలుపెట్టి, గొంతు గద్గదమయ్యేదాకా ప్రార్థించారు. సంఘంలో అందరికంటే పెద్దావిడ మగ్దలేనమ్మ గారైతే శుక్రవారం శుక్రవారం మిచిరో కోసం ఉపవాసం పట్టింది. పేరు విని, ఏ అస్సామువాళ్ల పిల్లాడో, తోట పనికొచ్చి తప్పిపోయాడనుకున్నారు పెద్దవాళ్లు; తమ హీరో పేరే ఉన్న ఇంకో పిల్లాడనుకున్నారు పిల్లలు. ప్రతి ఆదివారం "అబ్బాయి కబురేమైనా తెలిసిందా అమ్మా?" అని అడిగేవాళ్లు. "ఇంకా లేదండీ, మంచు కొండల దగ్గరున్నాడు," అనేది ఈమె.

"చెప్పెయ్యక్కా, బొమ్మని," అన్నాను నేను పొట్ట పట్టుకుని నవ్వుతూ.

"ఎట్టా చెప్పను టీచరు గారూ? చెబితే మగ్దలేనమ్మ గారి ఉపవాసాలన్నీ ఏం కాను?"

అలా నాలుగేళ్లు నడిచింది. ఆఖరి భాగం రాబోతోంది, అందులో మిచిరోకి అక్క దొరుకుతుందని కబురు కూడా తెలిసింది. సరిగ్గా అప్పుడే మాకు విలీనాల జబ్బు పట్టుకుంది.

బ్లూబోట్ కంపెనీ టెన్ లాంతర్స్ అనే ఇంకో కంపెనీలో కలిసిపోయిందని మెయిలొచ్చింది. "ఈ ఉత్తేజకరమైన ప్రయాణంలో మీరూ భాగమైనందుకు పులకించిపోతున్నాం" అని ఉంది అందులో. పులకించిపోయేవాళ్లెవరూ అలా రాయరు. శ్యాము మాత్రం నిజంగా పులకించి, బోర్డులు రాసే బుచ్చయ్యని పిలిపించి, షెడ్డు మీదున్న "బ్లూబోట్ వారి అధీకృత స్టూడియో" అన్న దాన్ని కొట్టేయించి "బ్లూబోట్ టెన్ లాంతర్స్" అని రాయించాడు. బోర్డు చాలక ఆఖరి అక్షరాలు తలుపు మీదికి వచ్చాయి. తలుపు తీస్తే కంపెనీ సగానికి విరిగేది.

"రెండు కంపెనీలు కలిసి ఒకటయ్యాయంటన్నారు, బాగానే ఉంది," అంది రిబ్కమ్మక్క. "మరి రెండో కంపెనీలో పనిచేసేవాళ్లు ఏమవుతారు బాబూ?"

దానికి జవాబు ఇంకో మెయిల్లో వచ్చింది. ఆఖరి భాగానికి హీరో గొంతుల్ని మళ్లీ మొదటినుంచి ఎంచుతారట. పాత గొంతయినా సరే కొత్తగా శాంపిలు పంపుకోవాలట. హైదరాబాదు నుంచి కూడా కుర్రాళ్లు పంపుతున్నారట.

నేను మెయిలు చదివి వినిపిస్తుంటే రిబ్కమ్మక్క గడ్డి మీద కూలబడింది. అంతకు ముందు ఎప్పుడూ ఆమె అలా కూర్చోవడం నేను చూడలేదు.

"చంకనేసుకుని తిప్పాను టీచరు గారూ వాణ్ణి. ఇంత దూరం తెచ్చాక ఊరి పొలిమేరలో దించేసి పొమ్మంటే ఎట్టా? గుమ్మం ఎక్కించనివ్వండి. వాళ్లక్క చేతిలో పెట్టి నేనే పోతాను. ఆ తర్వాత వాళ్లిష్టం."

ఆమెకి కావలసింది అదొక్కటే. దానికోసం నేనూ శ్యామూ ఏం చేయమన్నా చేసేవాళ్లం. కానీ అసలు తంటా ఆమెతోనే వచ్చింది.

శాంపిలు రోజున షెడ్డు నిండా కాయలే. సీజను ముమ్మరంగా ఉంది. బయట లారీ ఎక్కిస్తున్నారు, లోపల మైకు చుట్టూ మాగుతున్న బంగినపల్లులు. పాత భాగంలోంచి ఒక ఘట్టం ఇచ్చారు చదవమని. శత్రువు ఎదుట నిలబడి "నేనింకా ఓడిపోలేదు! మా అక్క దొరికేదాకా ఓడిపోను!" అనాలి. ఆ మాట మొదటిసారి చెప్పినప్పుడు ఆమె గొంతుకి షెడ్డు రేకులు అదిరాయి. ఇప్పుడేమో మెల్లగా, గొంతు సగం లోపలే ఆపుకుని, పక్కవాళ్లకి వినపడకూడదన్నట్టు చెప్పింది.

"ఏంటక్కా అది?" అన్నాడు శ్యాము. "గొంతు బాలేదా?"

"బాగానే ఉంది బాబూ. శాంపిలు కదా, దోరగా ఇచ్చాను."

శ్యాముకీ నాకూ అర్థం కాలేదు. ఆమెకే మా మీద జాలేసింది.

"శాంపిలు ఎవరన్నా పండు పంపుతారా? నీకు తెలీదా బాబూ, మీ నాన్న వ్యాపారమే కదా! దూరాభారం పోయే కాయ దోరగా ఉండాలి. దారిలో మాగాలి. ఇక్కడే పండించి పంపితే అక్కడికి చేరేసరికి రసం కారిపోద్ది. విప్పినోడు మొహం తిప్పుకుంటాడు."

"అక్కా, ఇది లారీ కాదు. మెయిలు! ఇక్కడ నొక్కితే అక్కడ చేరుద్ది!"

"చేరుద్ది. వినేదెప్పుడు? వాళ్ల కంపెనీలు పెళ్లి హడావిడిలో ఉన్నాయిగా."

బతిమాలాను. కోప్పడ్డాను. క్లాసులో అరిచినట్టు అరిచాను. ఊహూఁ. నాలుగు తరాలుగా తోటల్లో బతికిన ఇంటి మనిషి, శాంపిలు పండు పంపడమంటే ఆమె దృష్టిలో పరువు తక్కువ పని. ఇంతలో కరెంటు పోయింది. మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. గడువు ఆ సాయంత్రమే. శ్యాము బ్యాటరీ ఉండగానే ఆ దోర శాంపిలునే పంపేసి, బోర్డు కింద కూర్చుని తల పట్టుకున్నాడు.

తర్వాత వారంలో బొంబాయి నుంచి అభిషేక్ అనే అతను ఫోను చేశాడు. గొంతుల ఎంపిక చూసేది అతనే. మంచివాడే పాపం, మెత్తగానే చెప్పాడు. "మేడమ్, ఎనర్జీ లేదు. మిచిరో అంటే పిడుగు కదా! హైదరాబాదు అబ్బాయిని తీసుకుంటున్నాం."

"ఆ పిడుగు ఈవిడే నాయనా," అని అరిచాను. అతను అప్పటికే పెట్టేశాడు.

రిబ్కమ్మక్కకి నేనే వెళ్లి చెప్పాను. తోటలో చెట్టు కింద రాలిన కాయలు ఏరుతోంది. విని, "సరేలెండి," అని మళ్లీ ఏరుకుంది. ఆ మర్నాటి నుంచి తోటలో కేక వినపడలేదు. డబ్బా కొడుతున్న చప్పుడు వచ్చేది. అందరిలాగే ఈమె కూడా డబ్బా కొడుతోంది. కోతులకి ఆ డబ్బా అంటే లెక్కే లేదు. బాపులపాడు నుంచి బంధువుల్ని కూడా పిలుచుకొచ్చాయి. సలోమోను చిక్కం పట్టుకుని వాటి వెంట పరిగెత్తుతుంటే చూసి నాకు నవ్వు రావాలి నిజానికి. రాలేదు. ఇంటికెళ్లి ఏడ్చాను.

"చర్చిలో ఏం చెప్పావక్కా?" అని అడిగాను.

"వేరేవాళ్లెవరో తీసుకెళ్తున్నారంట, అన్నాను. మగ్దలేనమ్మ గారు 'తెలిసినోళ్లేనా?' అంది. తెలీదన్నాను. ఇంకా గట్టిగా ప్రార్థన చేద్దామంది."

ఆ ప్రార్థన పనిచేసిందో, లోకం తీరే అంతో నాకు తెలియదు. నెల తిరక్కుండా బ్లూబోట్ టెన్ లాంతర్స్‌ని మెరిడో గ్లోబల్ అనే ఇంకా పెద్ద కంపెనీ మింగేసింది. మళ్లీ మెయిలు, మళ్లీ పులకింతలు. బుచ్చయ్య రంగు డబ్బా తీసుకుని వచ్చి, బోర్డుని చూసి, తలుపుని చూసి, "శ్యామ్ బాబూ, ఈసారి సుద్దముక్కతో రాద్దామండీ. మీరే తుడుచుకోవచ్చు," అన్నాడు. శ్యాము ఒప్పుకున్నాడు.

ఆ సాయంత్రమే అభిషేక్ నుంచి ఫోను. "మేడమ్, నా సీటు పోయింది. మీ దగ్గర ఏమన్నా పనుందా?" అన్నాడు. రెండో కంపెనీలో పనిచేసేవాళ్లు ఏమవుతారని రిబ్కమ్మక్క అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. కోపమంతా ఎటో పోయింది. సీజను అయిపోయేలోగా రమ్మన్నాను, చిన్న రసాలు తినిపిస్తానన్నాను.

ఇంకో రెండు రోజులకి దివ్య అనే అమ్మాయి ఫోను చేసింది. మెరిడోలో తెలుగు విభాగం ఆమె చేతిలో ఉందట. పుట్టింది ఏలూరట, ఆ ముక్క వినగానే నాకు సగం ప్రాణం లేచొచ్చింది.

"మేడమ్, పాత కంపెనీ నిర్ణయాలన్నీ పక్కన పెట్టమన్నారండీ. శాంపిళ్లన్నీ మొదటినుంచి వింటున్నాను. ఆఖరి భాగం బొమ్మలు కూడా జపాను నుంచి ఇప్పుడే వచ్చాయి. వాటి మీద పెట్టి వింటున్నాను. నూజివీడు నుంచి వచ్చిన శాంపిల్ ఇచ్చినాయన ఎవరండీ?"

"ఆయన కాదండీ. ఆవిడ."

"ఆవిడా! ఎంత వయసుంటుందండీ?"

"మిచిరోకి అమ్మమ్మ వయసు."

అప్పుడు అసలు సంగతి చెప్పింది దివ్య. ఆఖరి భాగం చాలా ఏళ్ల తర్వాత మొదలవుతుందట. మిచిరో పెద్దవాడైపోయాడు. మంచు కొండ మీద ఒంటరిగా ఉండి ఉండి మాటలు మర్చిపోయినంత పనైంది. ఇప్పుడు వాడు అరవడు. ఏ మాటయినా లోపల ఆపుకుని, సగమే బయటికి వదులుతాడు. ఈ సంగతి ఇక్కడ మాకే కాదు, పాత కంపెనీ అభిషేక్‌కి కూడా తెలియదు.

"మిగతా వాళ్లందరూ గొంతు చించుకుని అరిచారండీ," అంది దివ్య. "ఈవిడొక్కరే ముందే తెలిసినట్టు ఆపుకుని చెప్పారు. ఈవిడ గొంతే ఖాయం చేశాను. ఆవిడకెలా తెలిసింది మేడమ్?"

దోరకాయ గురించి ఈ అమ్మాయికి ఎక్కడినుంచి మొదలుపెట్టి చెప్పను? ఫోను పక్కన పెట్టి, చెప్పులు కూడా లేకుండా తోటలోకి పరిగెత్తాను. స్కూలు టీచరు అలా పరిగెత్తడం చూసి దారిలో పెద్దిరాజు ఆటో ఆపి "ఏమైందండీ?" అన్నాడు. "మాగింది! మాగింది!" అని అరుస్తూ పోయాను. ఏమనుకున్నాడో ఏమో.

రిబ్కమ్మక్క అంతా విని చేతిలో డబ్బా కింద పడేసింది. కళ్లనిండా నీళ్లు, నోటినిండా నవ్వు. "చెప్పానా టీచరు గారూ! దారిలో మాగుద్దని చెప్పానా!" అని నన్ను పట్టుకుని గిర్రున తిప్పింది. అంతలో చెట్టు మీద కోతి కనపడింది. డబ్బా తీసుకోలేదు. నోరు తెరిచింది. నా చెవి రెండు రోజులు గుయ్‌మంది, అయినా అంత హాయి నేనెరగను.

ఆఖరి ఘట్టం రికార్డింగు నాటికి ఆ ఏటి చివరి కాయలు షెడ్డులో ఉన్నాయి. గడ్డి నిండా రసాల వాసన. దివ్య కంప్యూటరు తెర మీంచి చూస్తోంది. ఘట్టం ఇది: మిచిరో తలుపు కొడతాడు. అక్క సాయో తలుపు తీస్తుంది. ఎదురుగా గడ్డం మొలుస్తున్న కుర్రాడు. ఎవరు నాయనా అంటుంది. వాడు తన పాత కేకని మెల్లగా, గుసగుసగా పెడతాడు. అప్పుడు గుర్తుపడుతుంది.

మెరిడో వాళ్ల నియమాల పుస్తకంలో ఆ కేకకి ఏవో ఇంగ్లీషు మాటలున్నాయి. అన్ని భాషల్లోనూ అవే అనాలట. నేను స్క్రిప్టులో "హోయ్‌రే... హోయ్‌రే... హోయ్" అని రాశాను. ప్రళయ ప్రచండ ఘాతాన్ని వదులుకున్నదాన్ని నేను, నియమాల పుస్తకానికి భయపడతానా?

"ఇది పుస్తకంలో లేదు కదండీ," అంది దివ్య.

"లేదండీ. మా తోటలో ఉంది. చిన్నప్పటినుంచి వాడి నోట విన్న పిల్లలందరూ దీనితోనే గుర్తుపడతారు. అక్క గుర్తుపట్టొద్దా?"

దివ్య నవ్వి, "చెప్పించండి," అంది.

"ఇప్పుడు దోరగా చెప్పనా, పండుగా చెప్పనా?" అని అడిగింది రిబ్కమ్మక్క.

"పండుగానే చెప్పక్కా," అన్నాను. "ఇంక పోవాల్సిన దూరం లేదు."

తెర చూస్తూ చెప్పాలి నిజానికి. ఆమె కళ్లు మూసుకుంది. ఎన్ని కొండల్లోనో అరిచిన ఆ అరుపు, ఈసారి చంటిపిల్లాడి చెవిలో చెప్పినంత మెత్తగా వచ్చింది. హోయ్‌రే. హోయ్‌రే. హోయ్. కళ్లు మూసుకునే ఉంది, అయినా బొమ్మ పెదవులతో మాట సరిగ్గా కలిసింది. శ్యాము రికార్డింగు ఆపే బొత్తాం నొక్కడం మర్చిపోయి అలాగే నిలబడిపోయాడు. తెర మీద దివ్య ముక్కు తుడుచుకుంటోంది. నేనైతే గడ్డిలో మొహం దాచుకున్నాను, తర్వాత తుమ్ములు పట్టుకున్నాయి.

రిబ్కమ్మక్క చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. "చేరాడు," అంది.

ఆ ఆదివారం నన్ను కూడా చర్చికి రమ్మంది. వెనక బెంచీలో కూర్చున్నాను. సాక్ష్యాలు చెప్పే సమయానికి ఆమె లేచింది. "మిచిరో ఇల్లు చేరాడండి. వాళ్లక్క గుర్తుపట్టింది," అనగానే చప్పట్లు, హల్లెలూయలు, డ్రమ్ము దగ్గర కూర్చున్నతను ఆగలేక వాయించేశాడు. పాస్టర్ గారు చేతులెత్తారు. ఎవరో వెక్కి వెక్కి ఏడుస్తున్నారు. ఆమె మాత్రం కూర్చోలేదు.

"ఇంకో మాటండి." గొంతు వణికింది. కోతుల్ని తరిమే గొంతు! "వాడు మనిషి కాదండి. బొమ్మ. టీవీలో బొమ్మ. వాడి మాటలు నేను చెబుతానండి. ముందే చెప్పాల్సింది, చెప్పలేకపోయాను. మీరందరూ ఉపవాసాలున్నారు."

డ్రమ్ము ఆగిపోయింది. పాస్టర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు, ఎంతకీ ఆపడం లేదు. నేనే లేచి ఏదో ఒకటి చెప్పేద్దామా అనుకుంటుండగా ముందు వరసలోంచి మగ్దలేనమ్మ గారు బెంచీ పట్టుకుని మెల్లగా లేచింది.

"తెలుసులేవే," అంది. "మా మనవరాలు ఎప్పుడో ఫోన్లో చూపించింది."

రిబ్కమ్మక్క నోరు తెరిచినట్టే ఉండిపోయింది, మూడో హోయ్ దగ్గర మిచిరోలాగా. "మరి... మరి ఉపవాసం ఎందుకున్నారమ్మా?"

"ఎందుకేంటే? బొమ్మయితే మాత్రం, తప్పిపోయాడా లేదా? తప్పిపోయినోడు ఇల్లు చేరొద్దా?"

పాస్టర్ గారు కళ్లజోడు పెట్టుకుని, గొంతు సవరించుకుని, "ఆమేన్," అన్నారు. సంఘమంతా ఆమేన్ అంది. నేను కూడా అన్నాను, నాకు తెలియకుండానే. మగ్దలేనమ్మ గారు కూర్చోబోయి మళ్లీ ఆగి, "అవునూ, పెద్దోడయ్యాడుగా, మరి పెళ్లెప్పుడంట?" అని అడిగింది.

అంతే. ఎవరు ముందు నవ్వారో తెలియదు. చాప మీద కూర్చున్న సండే స్కూలు పిల్లలందరూ ఒక్కసారిగా లేచి, ఇన్నాళ్లూ తమ మధ్యే కూర్చుని పాటలు పాడిన మనిషి ఎవరో ఇప్పుడే తెలిసిన ఆనందంలో, రిబ్కమ్మక్క చుట్టూ మూగి, పైకప్పు ఎగిరిపోయేటట్టు "హోయ్‌రే... హోయ్‌రే... హో...య్!" అని అరిచారు. ఆమె కూడా వాళ్లతో కలిసి అరిచింది, ఏడుస్తూ, నవ్వుతూ. బాపులపాడు వాళ్లకి ఆ ఆదివారం కూడా కోతులు వెళ్లే ఉంటాయి.